కొండల నడుమ సరస్సు ఒడ్డున క్షేమంగా నడవడం ఎలా?
ఆరోగ్య పాఠము



వేసవి దగ్గర పడుతుందనగా మా ఓ.పి.కి వచ్చే పెద్దవారిలో కొందరు ఒక ప్రశ్న అడుగుతుంటారు. “డాక్టరుగారూ, అబ్బాయి అమెరికా రమ్మంటున్నాడు. అక్కడ కొండలు, సరస్సులు చూపిస్తాడట. నడవాలట. నాకు బి.పి., షుగరు ఉన్నాయి కదా, వెళ్లవచ్చా?” వారికి మేము చెప్పే జవాబు ఒక్కటే: చాలామంది వెళ్లవచ్చు, అయితే సిద్ధపడి వెళ్లాలి. ఆ సిద్ధపాటు ఏమిటో ఈ పాఠంలో వివరంగా చెప్పదలచుకున్నాం. ప్రయాణం చేసే పెద్దవారు, వారిని తీసుకువెళ్లే పిల్లలు కూడా దీన్ని చదవాలి. ఇక్కడ చదివి, కాగితం దాచి, అక్కడ ఉన్న పిల్లలకు ఫోనులో చదివి వినిపించినా మంచిదే.

ఒక ఉదాహరణ: జెన్నీ సరస్సు

మాట్లాడుకోవడానికి ఒక స్థలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో గ్రాండ్ టీటన్ జాతీయ ఉద్యానవనం ఉంది. 1929లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ఏర్పరచి, 1950లో విస్తరింపజేశారు. ప్రసిద్ధమైన యెల్లోస్టోన్‌కు ఇది సరిగ్గా దక్షిణాన ఉంటుంది గనుక యెల్లోస్టోన్ చూడడానికి వెళ్లే మన తెలుగు కుటుంబాలు చాలావరకు దీన్ని కూడా చూసి వస్తాయి. ఇక్కడి అతి ఎత్తయిన శిఖరం 13,775 అడుగులు. ఆ కొండల పాదాల దగ్గర వరుసగా సరస్సులు ఉన్నాయి. పూర్వం కొండ లోయల్లోనుండి కదిలి వచ్చిన మంచునదులు రాళ్లను, మట్టిని ముందుకు నెట్టి గట్లు కట్టాయి. ఆ గట్ల వెనుక నీళ్లు నిలిచి సరస్సులయ్యాయి.

వాటిలో పేరు పొందినది జెన్నీ సరస్సు. దీని చుట్టూ ఉన్న కాలిబాట సుమారు 7 మైళ్లు, అంటే 11 కిలోమీటర్లు. పక్కనే ఉన్న స్ట్రింగ్ సరస్సు చుట్టూ తిరిగితే దాదాపు 4 మైళ్లు లోపే. టాగర్ట్ సరస్సుకు వెళ్లి రావడానికి 3 మైళ్లు. జెన్నీ సరస్సును వేసవిలో పడవలో దాటే ఏర్పాటు కూడా ఉంది. పడవ దిగి కొంచెం నడిస్తే హిడెన్ ఫాల్స్ అనే జలపాతం వస్తుంది. అక్కడినుండి ఇన్‌స్పిరేషన్ పాయింట్ అనే చోటికి బాట రాళ్ల మీదుగా నిటారుగా ఎక్కుతుంది. ఈ వివరాలు చెప్పడంలో ఉద్దేశం ఏమిటంటే, ఒకే సరస్సు దగ్గర చిన్న బాట ఉంటుంది, పెద్ద బాట ఉంటుంది, పడవ ఉంటుంది, ఊరికే కూర్చుని చూసే బెంచీ కూడా ఉంటుంది. ఎవరి శక్తికి తగినది వారు ఎంచుకోవచ్చు. అందరూ అన్నీ ఎక్కనక్కరలేదు.

మన పాఠకులకు సంతోషం కలిగించే సంగతి మరొకటి. ఈ ఉద్యానవనంలోనే 1925లో దుంగలతో కట్టిన చిన్న ప్రార్థనాలయం ఉంది. దాని పేరు రూపాంతర ప్రార్థనాలయం. బల్ల వెనుక ఉన్న కిటికీలోనుండి చూస్తే టీటన్ కొండలు కనబడతాయి. ఒక్క మైలు కూడా నడవలేని అమ్మమ్మ, తాతయ్య సైతం కూర్చుని దేవుని స్తుతించగల స్థలం అది.

ఆ పేరు వెనుక ఉన్న కథ

జెన్నీ అనే ఆమె షోషోనీ అనే స్థానిక తెగకు చెందిన స్త్రీ. ఆమె భర్త రిచర్డ్ లీ 1872లో ఆ ప్రాంతానికి వచ్చిన సర్వే బృందానికి దారి చూపించాడు. ఆ బృందంవారు ఒక సరస్సుకు ఆమె పేరు, మరొక సరస్సుకు అతని పేరు పెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1876లో, జెన్నీ, ఆమె పిల్లలు మశూచికంతో చనిపోయారు. భర్త ఒక్కడు మిగిలాడు.

టీకా అప్పటికి కనిపెట్టి ఎనభై ఏళ్లయింది. ఆ కుటుంబాన్ని అది కాపాడలేదు. మన దేశంలో మశూచికం 1975లో ఆగిపోయింది, 1980లో లోకమంతటా లేకుండా పోయిందని ప్రకటించారు. ముందుగా జాగ్రత్తపడడం ఎంత ప్రాణాన్ని కాపాడుతుందో ఆ సరస్సు పేరే మనకు గుర్తుచేస్తుంది. కొండ దారిలో కూడా సంగతి ఇంతే. ఆపద వచ్చాక చేసే వైద్యం కన్నా రాకముందు తీసుకునే జాగ్రత్త తేలిక.

బయలుదేరడానికి నెల ముందు

కింది వారు తప్పకుండా తమ వైద్యుని కలిసి మాట్లాడాలి.

1. గుండెజబ్బు ఉన్నవారు. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాసు అయినవారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవారు. కొండ గాలిలో ఆక్సిజన్ తక్కువ గనుక గుండె ఎక్కువ పని చేయాలి.

2. బి.పి. ఉన్నవారు. బి.పి. అదుపులో ఉంటే నడవవచ్చు. అయితే మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారు ఎత్తు ఎక్కేటప్పుడు త్వరగా అలసిపోతారు. అందుకని సొంతంగా మాత్రలు మానేయకూడదు. నడక తగ్గించుకోవాలి, మాత్ర కాదు.

3. షుగరు ఉన్నవారు. నడిచినప్పుడు షుగరు తగ్గుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి అది మరీ తగ్గిపోయే ప్రమాదం ఉంది. మోతాదు గురించి ముందే అడిగి తెలుసుకోండి.

4. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు. చల్లని పొడి గాలికి ఆయాసం రావచ్చు. పీల్చే మందు జేబులోనే ఉండాలి.

5. రక్తం తక్కువగా ఉన్నవారు, సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు. ఎత్తు ప్రదేశం సికిల్ సెల్ జబ్బువారికి ప్రమాదకరం. మన ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలలో ఈ జబ్బు కనబడుతుంది గనుక ప్రత్యేకంగా చెబుతున్నాం.

6. రక్తం పలచబరిచే మందులు వాడేవారు. జారిపడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనబడకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ నెల రోజులూ ఇంటి దగ్గర నడక అలవాటు చేసుకోండి. మొదటి వారం రోజుకు ఇరవై నిమిషాలు, తరువాత అరగంట, ఆపైన ముప్పావు గంట. చర్చి మెట్లు, ఊరి గట్టు, ఏదైనా సరే. అక్కడ వేసుకోబోయే బూట్లతోనే ఇక్కడ నడవండి. కొత్త బూట్లు విమానాశ్రయంలో మొదటిసారి తొడుక్కుంటే కొండ మీద కాలికి బొబ్బలు వస్తాయి. షుగరు ఉన్నవారికి ఆ బొబ్బే పుండు కావచ్చు.

మందులు చేతి సంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వేయవద్దు. పెట్టె దారి తప్పినా మందు మీ దగ్గర ఉంటుంది. మందుల అసలు పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో రాసిన చీటీ వైద్యుని సంతకంతో వెంట ఉండాలి. అక్కడ వైద్యం ఖర్చు చాలా ఎక్కువ గనుక ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు, ఇదివరకే ఉన్న జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివించుకుని మరీ తీసుకోండి.

ఎత్తు అంటే ఏమిటి?

జెన్నీ సరస్సు సముద్రమట్టానికి సుమారు 6,780 అడుగుల ఎత్తున ఉంది. కొడైకెనాల్ ఊరు దాదాపు ఇంతే ఎత్తు. అరకు దీనిలో సగం కన్నా తక్కువ. కాబట్టి కొడైకెనాల్‌లో సరస్సు చుట్టూ హాయిగా నడిచినవారు ఇక్కడ కూడా సాధారణంగా నడవగలరు. కొంచెం ఆయాసం, కొంచెం నిద్ర తక్కువ కావడం సహజం.

కానీ అన్ని సరస్సులూ ఇంతే ఎత్తులో ఉండవు. కొలరాడో రాష్ట్రంలోని రాకీ మౌంటెన్ జాతీయ ఉద్యానవనంలో బేర్ సరస్సు సుమారు 9,450 అడుగుల ఎత్తున ఉంది. అదే ఉద్యానవనంలో కారు వెళ్లే రోడ్డే 12,183 అడుగులకు చేరుతుంది. దాదాపు 8,000 అడుగులు దాటితే కొందరికి ఎత్తు జబ్బు వస్తుంది. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. బలంగా ఉన్న యువకులకు కూడా రావచ్చు. ఇది బలహీనతకు గుర్తు కాదు.

చేయవలసినది ఇది. మొదటి రెండు రోజులు తక్కువ ఎత్తులో ఆగి విశ్రాంతి తీసుకోండి. తలనొప్పి మొదలైతే ఇంకా పైకి ఎక్కవద్దు. తగ్గకపోతే కిందికి దిగండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, తూలుతూ నడవడం, మాట తికమక కావడం, ఇవి ప్రాణాపాయ సూచనలు. రాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి. ముందుగా వేసుకునే మాత్ర ఒకటి ఉంది. దాన్ని వైద్యుని అడగకుండా వాడవద్దు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పండి.

దాచవద్దు: ఈ పాఠంలో ముఖ్యమైన మాట

మన పెద్దవారి మనసు మాకు తెలుసు. పిల్లలు సెలవు పెట్టుకున్నారు. డబ్బు ఖర్చు పెట్టారు. మనవలు ముందు పరుగెత్తుతున్నారు. అప్పుడు తాతయ్యకు ఛాతీలో పట్టేసినట్టు ఉంటుంది. “ఇప్పుడు చెబితే అందరి సరదా పాడవుతుంది, కాసేపు చూద్దాం” అనుకుంటాడు. అమ్మమ్మకు కాళ్లు వణుకుతుంటాయి. “నా వల్ల కోడలు ఆగిపోవడం ఎందుకు?” అనుకుని పళ్లు బిగించి నడుస్తుంది. ఇది ప్రేమే. కానీ ఈ ప్రేమ వల్ల ప్రాణం పోవచ్చు. రోడ్డుకు రెండు మైళ్ల లోపల, ఫోను అందని చోట, గుండెపోటుకు వైద్యం దొరకడానికి గంటలు పడుతుంది. బండి దగ్గర చెప్పిన నొప్పికి, లోపలికి వెళ్లాక చెప్పిన నొప్పికి చాలా తేడా ఉంది.

అందువల్ల పెద్దవారికి మా మనవి: ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు చీకట్లు కమ్మడం, ఎన్నడూ లేనంత ఆయాసం, వీటిలో ఏది వచ్చినా అదే నిమిషంలో చెప్పండి. స్త్రీలకు, షుగరు ఉన్నవారికి గుండెపోటులో నొప్పి అంతగా తెలియకపోవచ్చు. ఉత్త ఆయాసం, వాంతి, నీరసంగానే రావచ్చు.

పిల్లలకు మా మనవి: “బాగానే ఉన్నారా నాన్నా?” అని అడిగితే “ఆఁ, బాగానే ఉన్నాను” అనే జవాబే వస్తుంది. అలా అడగవద్దు. ముఖం చూడండి. మాట్లాడించండి. నడుస్తూ మామూలుగా మాట్లాడగలిగితే వేగం సరిపోయింది. కీర్తన పాడగలిగితే ఇంకా కొంచెం నడవగలరు. మాటకు మాటకు మధ్య ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైంది, ఆపండి. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించి, మిగిలినవారు వెనుక నడవండి. బయలుదేరేముందే అందరూ ఒక ఒప్పందం చేసుకోండి: ఎవరు “తిరిగి వెళ్దాం” అన్నా, కారణం అడగకుండా తిరిగి వెళ్తాం.

ఏలీయా ప్రవక్త అలసి చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుని దూత అతన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, దారి దూరమని గుర్తుచేశాడు. అలసట పాపము కాదు. అలసినవాని కొరకు ఆగడం ప్రేమ.

నడిచే రోజున

బట్టలు: నూలు బట్ట తడిస్తే త్వరగా ఆరదు, ఒంటిని చల్లబరుస్తుంది. త్వరగా ఆరే బట్టలు లోపల, ఉన్ని స్వెటరు దాని మీద, వాన ఆపే కోటు సంచిలో ఉండాలి. ఉదయం చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన ఒకే రోజు రావచ్చు. చీర కుచ్చెళ్లు రాళ్లమీద కాలికి అడ్డుపడతాయి. ఆ ఒక్క రోజుకు పంజాబీ డ్రెస్సో ప్యాంటో వేసుకోవడానికి అమ్మలు మొహమాటపడవద్దు. చెప్పులతో వద్దు. పట్టు ఉన్న బూట్లు, మేజోళ్లు కావాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు చేతికర్ర వాడాలి. నొప్పి ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు ఎక్కువ.

ఎండ: ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సూర్యకాంతిలోని హానికరమైన కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. నీళ్లు, మంచు వాటిని తిప్పి కొడతాయి. చల్లగా ఉంది గదా అని మోసపోవద్దు. టోపీ, నల్ల కళ్లద్దాలు, ఎండ మందు వాడండి.

నీళ్లు: కొండ గాలి పొడిగా ఉంటుంది. పట్టిన చెమట తెలియకుండానే ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతుండాలి. దారిలో మరుగుదొడ్డి ఉండదని మన స్త్రీలు నీళ్లు తాగడం మానేస్తారు. దాని వల్ల కళ్లు తిరగడం, మూత్రంలో మంట వస్తాయి. బాట మొదట్లో ఉన్న మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి, నడక చిన్నదిగా పెట్టుకోండి, నీళ్లు మాత్రం మానవద్దు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగేవారు తమ వైద్యుడు చెప్పిన కొలత పాటించాలి.

సరస్సు నీళ్లు అద్దంలా కనబడినా తాగవద్దు. జంతువుల మలం ద్వారా వచ్చే జియార్డియా అనే క్రిమి వాటిలో ఉండవచ్చు. విరేచనాలు వారాల తరబడి పీడిస్తాయి. తప్పనిసరైతే మరగబెట్టాలి. 6,500 అడుగుల పైన నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి గనుక, తెర్లడం మొదలయ్యాక పూర్తిగా 3 నిమిషాలు మరగనివ్వాలి.

ఆహారం: చపాతీ, ఇడ్లీ, అరటిపండు, వేరుశనగ చిక్కీ చాలు. షుగరు ఉన్నవారు బయలుదేరేముందు పరీక్ష చేసుకోవాలి. 100 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరాలి. వణుకు, చెమట, గుండె దడ, తికమక కలిగితే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో ఇవ్వాలి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. ఇన్సులిన్‌ను ఎండలో నిలబెట్టిన కారులో వదలవద్దు, గడ్డకట్టే చలిలోనూ ఉంచవద్దు. సాయంత్రం బస చేరగానే రెండు పాదాలూ వేళ్ల సందులతో సహా చూసుకోండి.

నీటి ఒడ్డున

ఈ సరస్సుల్లోకి మంచు కరిగిన నీరు వస్తుంది. ఎండాకాలంలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. మన చెరువులో ఈత నేర్చినవారు కూడా ఇక్కడ మునిగిపోవచ్చు. కారణం తెలుసుకోండి. చల్లని నీటిలో పడిన మొదటి నిమిషంలో మనిషి తన ప్రమేయం లేకుండా ఎగశ్వాస తీస్తాడు. తల నీటిలో ఉంటే ఆ శ్వాసతో నీరు లోపలికి పోతుంది. సుమారు పది నిమిషాలలో చేతులు, కాళ్లు పట్టు తప్పుతాయి. శరీరం లోపలి వేడి పూర్తిగా తగ్గడానికి దాదాపు గంట పడుతుంది. అంటే చలి చంపేలోగానే ఎగశ్వాస, పట్టు తప్పడం మనిషిని ముంచేస్తాయి.

పడిపోతే కొట్టుకోవద్దు. వెల్లకిలా తేలుతూ ఒక నిమిషం శ్వాస నిలదొక్కుకోండి, తరువాత ఒడ్డుకు కదలండి. ఎవరైనా పడితే వెంటపడి దూకవద్దు. కర్ర, తాడు, చున్నీ, ఏదైనా విసరండి. బయటికి తీశాక తడిబట్టలు విప్పి, పొడిబట్టలు, దుప్పటి కప్పండి. స్పృహ ఉంటే వేడి తియ్యని పానీయం ఇవ్వండి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దవద్దు. మద్యం ఇవ్వవద్దు. చిన్నపిల్లలు ఒడ్డున ఉన్నంతసేపూ ఒక పెద్దవారు చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. పడవ ఎక్కితే తేలే జాకెట్ కట్టుకోవాలి. జలపాతం దగ్గర తడి రాళ్ల మీదికి ఫొటో కోసం ఎక్కవద్దు.

చలికాలంలో వెళ్లేవారికి ఒక మాట. గడ్డకట్టిన సరస్సు నేల కాదు. 2022 డిసెంబరు 26న అరిజోనా రాష్ట్రంలోని వుడ్స్ కెనియన్ సరస్సు మీద మంచు పగిలి, మన దేశం నుండి వెళ్లిన ముగ్గురు చనిపోయారు. పండుగ సెలవుల్లో జరిగిన ఈ సంగతి మన ఇళ్లను ఎంతో దుఃఖపెట్టింది. మంచు ఎంత దళసరిగా ఉందో చూసి చెప్పలేము. దాని మీద కాలు పెట్టవద్దు.

ఉరుములు వినబడితే

గలిలయ సముద్రం కూడా కొండల నడుమ ఉన్న సరస్సే. అక్కడ తుఫాను ఎంత హఠాత్తుగా లేస్తుందో సువార్తలు చదివినవారికి తెలుసు. టీటన్ కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన వానలు మామూలు. అందుకే తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఉరుము వినబడితే నీటి ఒడ్డును, ఎత్తయిన రాళ్లను, ఒంటరి చెట్టును విడిచిపెట్టండి. కారు దగ్గరగా ఉంటే అందులో కూర్చోండి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాకే కదలండి.

ఎలుగుబంట్లు, ఇతర జంతువులు

ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు, వాటికన్నా పెద్దవైన గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉన్నాయి. వాటికి, తోడేళ్లకు కనీసం 100 గజాల దూరంలో ఉండాలని, మిగిలిన జంతువులకు 25 గజాల దూరంలో ఉండాలని ఉద్యానవన నియమం. మూస్ అనే పెద్ద దుప్పి సాధువుగా కనబడినా, దూడ వెంట ఉంటే మీదికి వస్తుంది. వస్తే చెట్టు చాటుకు పరుగెత్తవచ్చు. ఎలుగుబంటి ఎదుట మాత్రం పరుగెత్తకూడదు.

ముగ్గురు నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ నడవండి. మలుపుల దగ్గర చప్పట్లు కొట్టండి. మనుషులు వస్తున్నారని తెలిస్తే అది చాలావరకు తప్పుకుంటుంది. ఎదురైతే నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయండి, పిల్లలను దగ్గరకు తీసుకోండి. ఎలుగుబంటి స్ప్రే అని ఒకటి అమ్ముతారు. అందులో ఉన్నది మన మిరపకాయ ఘాటే. దాన్ని సంచి అడుగున కాక నడుముకు కట్టుకోవాలి. ఎలుగుబంటి మీదికి వచ్చేటప్పుడు, 30 నుండి 60 అడుగుల దూరంలో ఉండగా దాని ముందు మబ్బులా కొట్టాలి. దోమల మందులా ఒంటికి పూసుకోకూడదు. విమానంలో తీసుకువెళ్లనివ్వరు గనుక అక్కడే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి.

మన పచ్చళ్లు, పులిహోర, మురుకుల వాసన దానికి చాలా దూరం తెలుస్తుంది. బల్ల మీద వదిలి ఫొటోలకు వెళ్లవద్దు. మిగిలిన అన్నం పక్షులకో ఉడతలకో వేయడం ఇక్కడ మనకు దయగా తోస్తుంది, అక్కడ అది నేరం. మనుషుల తిండి అలవాటైన ఎలుగుబంటిని చివరికి చంపవలసి వస్తుంది. మెతుకు కూడా మిగలకుండా డబ్బాలో సర్ది వెనక్కి తీసుకురండి.

ఆపద వస్తే

ఫోను అందే చోట 911కు చేయాలి. బాటలో చాలాచోట్ల ఫోను అందదు. కనుక బయలుదేరేముందు ఏ బాటకు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఒకరికి చెప్పి వెళ్లండి. కాగితం పటం వెంట ఉంచుకోండి. ఛాతీనొప్పి వస్తే కూర్చోబెట్టి, వైద్యుడు ముందే రాసి ఇచ్చిన నాలుక కింది మాత్ర ఉంటే పెట్టి, సహాయం పిలవండి. రోగిని నడిపించవద్దు. ఒకరు దగ్గర ఉండాలి, ఒకరు ఫోను అందే చోటికి వెళ్లాలి. దారి తప్పితే ఉన్నచోటనే ఆగండి. ఈల మూడుసార్లు ఊదడం సహాయానికి గుర్తు. పిల్లల మెడలో ఒక్కొక్క ఈల వేయండి.

నేర్చుకున్నది సరిచూసుకుందాం

ఇంట్లో అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

1. మనలో వైద్యుని ముందుగా కలవవలసినవారు ఎవరు?
2. నడక వేగం సరిపోయిందని ఎలా తెలుసుకుంటాం?
3. చల్లని నీటిలో మొదటి నిమిషం ఎందుకు ప్రమాదకరం?
4. మందులు ఏ సంచిలో ఉన్నాయి? చీటీ ఎక్కడ ఉంది?
5. “తిరిగి వెళ్దాం” అని ఎవరైనా అంటే మనం ఏమి చేస్తాం?

అయిదవ ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఒకే జవాబు చెప్పేంతవరకు పెట్టెలు సర్దవద్దు.

కొండలను, జలములను చేసిన దేవుడు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడి, వెళ్లినవారిని వెళ్లినంతమందిగా క్షేమంగా ఇంటికి చేర్చును గాక. ప్రయాణానికి ముందు పరీక్షల కొరకు మా ఓ.పి.కి రండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ వెంట తెచ్చుకోవడం మరువకండి.